మా పిల్లల పక్కన కూర్చునే మనిషికి జీతం ఇవ్వండి

(చల్లపల్లిలో మన యువత కూర్చున్నప్పుడు నేను మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్లు కూడా చదువుకోవాలని కొంచెం సర్ది ఇక్కడ పెడుతున్నా.)

 

ఇవాళ ఒక్క విషయమే మాట్లాడతాను. మన కాలనీల పిల్లలు చదివే ప్రతి ప్రాథమిక బడిలో, ఒకటి, రెండు తరగతుల్లో, టీచరుకు తోడుగా ఇంకొక మనిషి ఉండాలి. ఆ మనిషి మన కాలనీ నుంచే రావాలి. ప్రభుత్వమే జీతం ఇవ్వాలి, ప్రభుత్వమే శిక్షణ ఇవ్వాలి. తరగతి సహాయకురాలు అనండి, హెల్పర్ టీచర్ అనండి, పేరు మీ ఇష్టం. సేవ అని మాత్రం అనకండి. ఎందుకో తర్వాత చెప్తా.

ముందు మన సంగతి చూద్దాం. చల్లపల్లి, మోపిదేవి, నాగాయలంక, కోడూరు వైపు మీరు ఎప్పుడన్నా తిరిగితే మన ఇళ్లు ఎక్కడుంటాయో తెలుస్తుంది. కాలువ గట్టు మీద, కరకట్ట పక్కన, ఊరి చివర. వరి చేలో ఎలుకలు పట్టాలంటే బుట్టలు పట్టుకుని మనవాళ్లే వెళ్లాలి. చేపల చెరువు కాపలాకు మనవాళ్లే. పీతలకు మడ అడవుల్లోకి మనవాళ్లే. కోతలు, మినుము పనులు వస్తే కుటుంబం కుటుంబమే కదులుతుంది. ఇంటికి తాళం వేసి పెద్దపిల్లని ముసలమ్మ దగ్గర వదిలే వీలు అందరికీ ఉండదు. పిల్లలు కూడా వెంట పోతారు.

జూన్‌లో బడిలో చేరిన పిల్లోడు నవంబరులో చెరువు గట్టుకు పోయి సంక్రాంతి దాటాక వస్తాడు. అప్పటికి తోటి పిల్లలు గుణింతాలు దాటి మాటలు రాస్తుంటారు. వీడు 'అ' దగ్గరే ఉంటాడు. టీచరు చెడ్డవారని నేను అనను. విద్యాహక్కు చట్టం లెక్కే చూడండి. ఒకటి నుంచి ఐదు తరగతుల దాకా కలిపి 60 మంది పిల్లలుంటే ఇద్దరు టీచర్లు. ఐదు తరగతులకు ఇద్దరు! ఆ ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టినా, ట్రైనింగుకు పోయినా మిగిలేది ఒక్కరే. ఆ ఒక్కరు పాఠం చెప్పాలి, యాప్‌లో హాజరు వేయాలి, భోజనం లెక్క చూడాలి. రెండు నెలలు బడికి రాని మన పిల్లోడి పక్కన కూర్చుని పలక మీద చెయ్యి పట్టి దిద్దించే టైము ఎవరికుంది?

ఇంకో సంగతి ఉంది. మనం మాట్లాడేదీ తెలుగే. కాబట్టి యానాది పిల్లలకు భాష సమస్య లేదని పైవాళ్లు రాసేస్తారు. మన యాస వేరు, మన మాటలు వేరు. మనోడు నోరు తెరిస్తే క్లాసులో నవ్వుతారు. రెండుసార్లు నవ్వాక మూడోసారి వాడు నోరు తెరవడు. ఎరుకల ఇళ్లలో వాళ్ల భాష వాళ్లకుంది. మైలవరం, తిరువూరు వైపు తండాల్లో లంబాడీ పిల్లలకు బడి తెలుగు కొత్త భాష కిందే లెక్క.

ఈ పని ఎలా ఉంటుందో నేను కళ్లారా చూశాను. నా చిన్నప్పుడు మా పేటలో పది దాకా చదివిన ఒక అక్క ఉండేది. పొద్దున్నే ఇంటింటికీ వచ్చి మమ్మల్ని లేపేది. మొహాలు కడిగించి బడి దాకా నడిపించేది. సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టి ఆ రోజు చెప్పింది మళ్లీ చెప్పించేది. ఎవరూ పెట్టమనలేదు, ఎవరూ పైసా ఇవ్వలేదు. తర్వాత ఆ అక్కకి పెళ్లయి వెళ్లిపోయింది. ఆ గుంపులో నేను డిగ్రీ దాకా వచ్చాను. నాకన్నా చురుకైనవాళ్లు ఇద్దరు ముగ్గురు ఐదు దాటకుండానే చెరువులకు పోయారు. ఒక మనిషి దయ మీద నడిచింది ఆ మనిషితోనే ఆగిపోయింది. నేను అడిగేదల్లా ఆ పనికి ఒక పోస్టు, ఒక జీతం, ఒక శిక్షణ. మనిషి మారినా పని ఆగకూడదు.

ఇది కొత్త కోరికేం కాదు. మన చరిత్రలోనే ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం అమరుడయ్యాక నిజాం సర్కారు గోండుల సంగతి తెలుసుకోమని హైమండార్ఫ్‌ని ఆదిలాబాద్ పంపింది. 1943లో మార్లవాయిలో ఒక శిక్షణ కేంద్రం పెట్టారు. పెద్ద చదువులున్నవాళ్లను బయటి నుంచి తేలేదు. అంతంత మాత్రం అక్షరాలొచ్చిన గోండు కుర్రాళ్లనే తీసుకుని, శిక్షణ ఇచ్చి, జీతమిచ్చి గోండు గూడేల్లో టీచర్లుగా పెట్టారు. గోండిలోనే వాచకాలు రాయించారు. నిజాం కాలంలో, సర్కారు డబ్బుతో, 80 ఏళ్ల క్రితం జరిగిన పని ఇది.

తర్వాత 2004లో ఉమ్మడి రాష్ట్రంలో 8 గిరిజన భాషల్లో మాతృభాషా విద్య మొదలుపెట్టారు. గోండి, కోయ, కొలామీ, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా. ఆ భాష తెలిసిన మన యువతనే వాలంటీర్లుగా తీసుకున్నారు. ఆలోచన మంచిదే. డబ్బు దగ్గరే చెయ్యి బిగించారు. మన రాష్ట్రంలో ఆ వాలంటీర్లకిచ్చింది నెలకు 5 వేలు. దాన్ని జీతం అని కూడా అనలేదు, గౌరవ వేతనం అన్నారు. బడులు తెరిచేటప్పుడు మమ్మల్ని మళ్లీ తీసుకోండని పాడేరు లాంటిచోట్ల ఐటీడీఏ ఆఫీసుల ముందు వాళ్లు ధర్నాలు చేయాల్సి వచ్చింది.

టీచర్ పోస్టుల సంగతి మీకు తెలుసు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులు నూరు శాతం స్థానిక ఆదివాసీలకేనని 2000లో 3వ నంబరు జీవో వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. దాని మీద ఏజెన్సీలో పోరాటం నడుస్తోంది, అందులో మనమూ ఉన్నాం. కానీ ఒక్కటి గమనించండి. జీవో ఉన్న రోజుల్లో కూడా అది చల్లపల్లి దాకా రాలేదు. మనది షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. మాతృభాషా వాలంటీర్ల పథకం కూడా మన గట్టు ఎక్కలేదు. 2024లో కేంద్రం తెచ్చిన ధర్తీ ఆబా పథకం చూడండి. గిరిజనులు సగానికి పైగా ఉన్న ఊళ్లు, ఆకాంక్షిత జిల్లాలు అంటుంది. డెల్టాలో మనం పెద్ద ఊరికి ఒక మూల పాతిక ఇళ్లు, నలభై ఇళ్లు. ఏ లెక్కలోనూ సగం కాలేం. మైదానంలో ఉండటమే మన తప్పయినట్టుంది.

ఇప్పుడు కొందరు చదువుకున్న పెద్దలు అడుగుతారు, ఒక మనిషిని అదనంగా పెడితే నిజంగా చదువు వస్తుందా అని. దీనికి జవాబు మన రాష్ట్రంలోనే దొరికింది. 2005 తర్వాత రెండేళ్ల పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో చీటీ వేసినట్టుగా 100 ప్రభుత్వ ప్రాథమిక బడులను ఎంచుకుని, ఒక్కో బడికి అదనంగా ఒక కాంట్రాక్టు టీచర్ని ఇచ్చారు. మిగతా బడులతో పోల్చి చూశారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన పరిశోధన అది. అదనపు మనిషి ఉన్న బడుల్లో పిల్లలు లెక్కల్లోనూ తెలుగులోనూ ముందుకు పోయారు. పరిశీలకులు చెప్పకుండా వెళ్లి చూస్తే రెగ్యులర్ టీచర్లు 27 శాతం సార్లు బడిలో లేరు. కాంట్రాక్టు టీచర్ల విషయంలో అది 18 శాతం. అంతకుముందు ముంబైలో, వడోదరలో ప్రథమ్ సంస్థ బాలసఖి అని ఒకటి చేసింది. బస్తీలోనే ఉండే అమ్మాయి, వెనకబడ్డ పిల్లలు 15, 20 మందిని రోజుకు రెండు గంటలు విడిగా కూర్చోబెట్టి చదివిస్తుంది. దాన్ని పరీక్షించినవాళ్లలో తర్వాత 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఉన్నారు. అక్కడా పిల్లలకు చదువొచ్చింది.

కానీ ఈ కాగితాలు చూపించి సర్కారువాళ్లు ఇంకో పాఠం నేర్చుకుంటారు, జాగ్రత్త. ఆంధ్రప్రదేశ్ బడుల్లో ఆ కాంట్రాక్టు టీచరుకు రెగ్యులర్ టీచరు జీతంలో ఐదో వంతే ఇచ్చారు. 'చూశారా, ఐదో వంతుకే పనైపోతోంది' అంటారు. నేను దాన్ని అలా చదవను. పిల్లలకు చదువు రావడానికి కారణం దగ్గర్లో ఇంకో మనిషి ఉండటం. ఆ మనిషి కడుపు కాల్చుకోవడం కారణం కాదు.

మన పెద్దవాళ్ల అనుమానం కూడా ఇక్కడే ఉంది. ఈ మాట ఎత్తగానే మన సంఘంలో ఒక బాబాయి అన్నాడు, 'ఒరే, విద్యా వాలంటీర్లని చూశాం. పోస్టులు వేయకుండా ఏళ్ల తరబడి వాళ్లతో లాగించారు. తర్వాత పొమ్మన్నారు. నువ్వు మన పిల్లల్ని మళ్లీ ఆ గుంటలోకే దింపుతావా?' అని. బాబాయి మాట నిజం. ఉమ్మడి రాష్ట్రంలో 1990ల చివరి నుంచి టీచర్ పోస్టుల ఖాళీల్లో విద్యా వాలంటీర్లను పెట్టారు. తెలంగాణలో అయితే 2020లో కరోనాతో బడులు మూతపడ్డాక వేల మందిని మళ్లీ పిలవలేదు. పిల్లలకు దగ్గరగా ఉండే పనికి ఎంతిస్తారో చూడండి. అంగన్‌వాడీ ఆయాకు 7 వేలు. బడి మరుగుదొడ్లు కడిగే ఆయాకు 6 వేలు. 2023 డిసెంబరులో అంగన్‌వాడీ అక్కలు రోడ్డెక్కి 42 రోజులు సమ్మె చేస్తే మధ్యలో ఎస్మా పెట్టారు. పేద ఆడవాళ్లు చేసే పనంటే గౌరవం మాటలో ఇస్తారు, వేతనంలో ఇవ్వరు.

అందుకే మన కోరికలో ఒక గీత గట్టిగా గీయాలి. సహాయకురాలు టీచరుకు తోడు. టీచరుకు బదులు కాదు. ఎక్కడన్నా టీచర్ పోస్టు ఖాళీ ఉంటే దాన్ని డీఎస్సీతోనే నింపాలి. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు వేశారు. అలాంటివి ఆగకూడదు. ఉన్న టీచరు మీద అదనంగానే మన మనిషి. ఇది రాతలో లేకపోతే మనమే మన డీఎస్సీ అభ్యర్థుల పొట్ట కొట్టినవాళ్లమవుతాం.

ఈ గీత పిల్లల కోసం కూడా కావాలి. ఇంగ్లండ్‌లో ఏళ్లుగా ప్రతి బడిలో టీచింగ్ అసిస్టెంట్లున్నారు. 2009లో లండన్ యూనివర్సిటీవాళ్లు ఒక పెద్ద పరిశోధన బయటపెట్టారు. అసిస్టెంట్ల దగ్గర ఎక్కువసేపు గడిపిన పిల్లలు, అలాంటి మిగతా పిల్లలకన్నా తక్కువ నేర్చుకున్నారని తేలింది. ఎందుకు? వెనకబడ్డ పిల్లల్ని అసిస్టెంటుకు అప్పజెప్పి టీచర్లు మిగతావాళ్లకు పాఠం చెప్పారు. అసిస్టెంటుకు శిక్షణ సరిగా లేదు, టీచరుతో కూర్చుని రేపు ఏం చేయాలో మాట్లాడుకునే టైము లేదు. మన దగ్గర ఇదే జరిగితే ఏమవుతుందో ఊహించుకోండి. మన పిల్లలు మన అక్క దగ్గర వరండాలో, మిగతావాళ్లు సారు దగ్గర గదిలో. ఒకే బడిలో రెండు బళ్లు పెట్టినట్టే. అది మనకొద్దు. మన పిల్లలు టీచరు ముందే కూర్చోవాలి, సహాయకురాలు వాళ్ల పక్కన ఉండాలి. విడిగా చదివించేది రోజుకు గంట, గంటన్నర, అది కూడా టీచరు చెప్పిన పాఠం మీదే.

మరి శిక్షణ అంటే ఏంటి? జూన్‌లో రెండు రోజులు ఏసీ హాల్లో కూర్చోబెట్టి సమోసా పెట్టి పంపడం కాదు. మొదట మూడు, నాలుగు వారాలు గట్టి శిక్షణ కావాలి. అక్షరాలు ఎలా నేర్పాలి, పిల్లోడు ఎక్కడ ఆగిపోయాడో ఎలా కనిపెట్టాలి, రెండు నెలలు పోయి వచ్చిన బిడ్డను ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి, ఇవన్నీ. తర్వాత నెలకొకసారి మండలంలో కూర్చోవాలి. కృష్ణా జిల్లాకు అంగలూరులో డైట్ ఉంది, టీచర్లను తయారుచేసే సర్కారు సంస్థ. ఆ పని అక్కడే జరగొచ్చు. ముఖ్యమైంది ఇంకోటి. పని చేసుకుంటూనే మన అమ్మాయి ఇంటరు, డీఎడ్ పూర్తిచేసి టీచరయ్యే దారి ఉండాలి. ఫీజు సర్కారే కట్టాలి. ఇది కుదరదని ఎవరన్నా అంటే ఒక మాట గుర్తుచేయండి. 2017లో విద్యాహక్కు చట్టాన్ని సవరించి, శిక్షణ లేకుండా పనిచేస్తున్న లక్షల మంది టీచర్లకు ఎన్ఐఓఎస్ ద్వారా 18 నెలల డీఎడ్ దేశమంతా ఇచ్చారు. ప్రైవేటు బడుల టీచర్లకు కూడా ఇచ్చారు. అప్పుడు కుదిరింది, ఇప్పుడూ కుదురుతుంది.

న్యూయార్క్‌లో కూడా ఇలాంటి కథే ఉంది. 1960ల్లో అక్కడ నల్లజాతి, ప్యూర్టోరికో బస్తీల బడుల్లో ఆ బస్తీల తల్లుల్నే సహాయకులుగా తీసుకున్నారు. జీతం చాలా తక్కువ. వాళ్లు టీచర్ల యూనియన్‌లోనే చేరి పోరాడి 1970లో ఒప్పందం సాధించుకున్నారు. జీతం పెరిగింది, కాలేజీ చదువుకు దారి వచ్చింది. అలా చదివి టీచర్లయినవాళ్లు ఎంతోమంది. టీచర్లూ సహాయకులూ ఒకే పక్కన నిలబడ్డారు కాబట్టే అది జరిగింది. మన టీచర్ సంఘాల అన్నలకు ఈ సంగతి చెప్పాలి. మేం మీ పోస్టుకు పోటీ రావట్లేదు, మీ భారం పంచుకోడానికి వస్తున్నాం అని.

ఇక సేవ అనే మాట దగ్గరకొస్తా. జాతీయ విద్యా విధానం ముసాయిదా 2019లో వచ్చినప్పుడు అందులో స్థానికుల్ని, ముఖ్యంగా ఆడవాళ్లని బోధనా సహాయకులుగా తీసుకుని వెనకబడ్డ పిల్లలకు చెప్పించాలని ఒక కార్యక్రమం రాశారు. మనం అడిగేదానికి బాగా దగ్గరగా ఉంది. 2020లో అసలు విధానం వచ్చేసరికి ఆ కార్యక్రమం పేరు లేదు. చదువొచ్చిన ప్రతివాళ్లూ ఒకరికి చదువు నేర్పితే బాగుంటుందని, వాలంటీర్లు ముందుకు రావాలని ఉంది. వాలంటీర్లంటే మనకు గౌరవమే. మన చల్లపల్లిలో 2014 నుంచి స్వచ్ఛ చల్లపల్లి అని చీకటితో లేచి రోడ్లు ఊడుస్తున్నవాళ్లున్నారు, దేశమంతా మెచ్చుకుంది. కానీ పొద్దున సేవ చేసి ఆ రోజు కూలి పోకుండా ఉండాలంటే ఇంట్లో ఇంకో ఆదాయం ఉండాలి. మన అమ్మాయి ఒక పూట బడిలో కూర్చుంటే ఆ పూట కూలి పోయినట్టే. ఉన్నవాళ్ల పిల్లలకు ట్యూషన్ టీచరు జీతానికి దొరుకుతారు. లేనివాళ్ల పిల్లలకేమో సేవాభావం ఉన్నవాళ్లు దొరకాలంట!

డబ్బు ఎక్కడిది అంటారు. లెక్క వేద్దాం. ఒక మండలంలో మన పిల్లలు చదివే బడులు 20 అనుకోండి. ఒక్కొక్కరికి నెలకు 15 వేలు, 12 నెలలు. ఏడాదికి 36 లక్షలు. శిక్షణకు, రానుపోను ఖర్చులకు మనిషికి ఏడాదికి 20 వేల చొప్పున ఇంకో 4 లక్షలు. మొత్తం 40 లక్షలు. 2025లో తల్లికి వందనం కింద పిల్లకు 15 వేలు చెప్పి 13 వేలు తల్లి ఖాతాలో వేశారు, 2 వేలు బడి నిర్వహణకు అట్టిపెట్టారు. 40 లక్షలంటే 2 వేల మంది పిల్లల పేరు మీద అలా అట్టిపెట్టే మొత్తం. ఆ డబ్బు తీసి మాకివ్వండని నేను అనట్లేదు, బడికి నీళ్లూ మరుగుదొడ్డీ కూడా కావాలి. అవసరం అనుకున్నప్పుడు సర్కారుకు దారి దొరుకుతుందని చెప్తున్నా.

మన డబ్బు మనకే వేరే ఉంది. ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం 2013లో వచ్చింది, 2023లో ఇంకో పదేళ్లు పొడిగించారు. జనాభాలో మన వాటా ఎంతో బడ్జెట్లో అంత మన కోసం పక్కన పెట్టాలని చట్టం. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2011 లెక్కల ప్రకారం ఎస్టీలు 27 లక్షల పైన, అంటే 5.53 శాతం. ఈ చట్టం ఏజెన్సీకే పరిమితం కాదు. ఎస్టీ వ్యక్తులకు, కుటుంబాలకు, ఆవాసాలకు నేరుగా మేలు జరిగే పనులకు ఆ డబ్బు ఖర్చుపెట్టాలని ఉంది. కాలువ గట్టు మీద పాతిక ఇళ్లు కూడా ఆవాసమే. పైగా సమగ్ర శిక్షలో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం పెట్టుకునే ఏర్పాటు ఉంది. ఈ రెండూ కలిపితే సహాయకురాలి జీతానికి దారి ఉంది. అందరికీ వేసే రోడ్డు ఖర్చులో మన వాటా రాసి చూపించే బదులు, మన పిల్లోడి పక్కన కూర్చునే మనిషికి ఖర్చుపెట్టమని అడుగుదాం.

మన డిమాండ్లు ఇవి. సెల్ఫోనులో దాచుకోండి.

1. ఎస్టీ కాలనీల పిల్లలు చదివే ప్రతి ప్రాథమిక బడిలో ఒకటి, రెండు తరగతులకు ఒక తరగతి సహాయకురాలు లేదా సహాయకుడు. మొదటి ఎంపిక ఆ కాలనీవాళ్లకే, అందులో ఆడపిల్లలకు ముందు.

2. గౌరవ వేతనం కాదు, నైపుణ్యం ఉన్న పనికిచ్చే కనీస వేతనానికి తగ్గని జీతం. 12 నెలలు. ప్రసూతి సెలవు, పీఎఫ్.

3. టీచర్ పోస్టు ఖాళీలో వీళ్లను పెట్టకూడదని ఉత్తర్వులోనే రాయాలి.

4. అంగలూరు డైట్ ద్వారా మొదటి శిక్షణ, నెలనెలా శిక్షణ. టీచరుతో కలిసి కూర్చునే టైము పని గంటల్లోనే.

5. పని చేస్తూ డీఎడ్ చదివే అవకాశం, ఫీజు ప్రభుత్వానిది.

6. వలస నెలల్లో కాలనీ మొత్తం కదిలినప్పుడు ఆ పిల్లలు ఏ బడికి దగ్గరగా వెళ్లారో ఆ బడికి సమాచారం ఇచ్చి, తిరిగొచ్చాక మళ్లీ కలిపే బాధ్యత ఈ సహాయకురాలిది. దానికి ప్రయాణ ఖర్చులు ఇవ్వాలి.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెప్తా. ఈ నెలాఖరులోపు మీ కాలనీలో ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలెందరో ఇంటింటికీ వెళ్లి రాయండి. బడిలో పేరుండి పోనివాళ్లెందరో విడిగా రాయండి. ఆధార్, పుట్టిన సర్టిఫికెట్, కుల ధ్రువీకరణ లేనివాళ్ల పేర్లు కూడా రాయండి, ఎందుకంటే రేపు 'మీ పిల్లలు లెక్కలో లేరు' అంటారు. పది, ఇంటరు చదివి ఇంటి దగ్గరున్న మన అమ్మాయిల పేర్లు రాయండి. బడి తల్లిదండ్రుల కమిటీలో మనవాళ్లుంటే అక్కడ తీర్మానం పెట్టించండి. గ్రామసభలో పెట్టించండి. తర్వాత ఒక సోమవారం అందరం కలిసి మచిలీపట్నం కలెక్టరేటుకు పోయి అర్జీ ఇద్దాం. ఒక్కో కాలనీ పేరు మీద ఒక్కో అర్జీ. రసీదు తీసుకోకుండా ఎవరూ వెనక్కి రావద్దు.

చల్లపల్లి అంటే జనానికి రాజావారి కోట గుర్తొస్తుంది, జమీందారీ భూముల మీద జరిగిన పోరాటాలు గుర్తొస్తాయి. ఆ భూముల్లో నాట్లేసి, ఎలుకలు పట్టి, గట్లు కాసిన మనవాళ్లలో వేలిముద్ర వేసినవాళ్లే ఎక్కువ. ఇప్పుడు రెండో తరగతిలో ఉన్న పిల్లలు కూడా వేలిముద్ర దగ్గరే ఆగిపోతే దానికి ఇంకెవరినో అనుకుని లాభం లేదు. పేర్లు రాయడం రేపే మొదలుపెట్టండి. రాసిన కాగితాలు పట్టుకుని మా దగ్గరికి రండి.

జోహార్.